గళ్ల గుడ్డకి ఇంటిపేరెలా వచ్చింది?

ఎడిన్‌బరాలో రాయల్ మైల్ అనే పాత రాళ్ల వీధి ఉంది. పై కొసన కోట, కింది కొసన హోలీరూడ్ రాజభవనం. మధ్యలో ఎటు చూసినా షాపులే. ప్రతి షాపు ముందూ గళ్ల మఫ్లర్లు, గళ్ల టోపీలు, గళ్ల కీచైన్లు. మన సంతలో లుంగీలు మడతపెట్టి పేర్చినట్టే ఉంటుంది సీను. తేడా ఒక్కటే. ఇక్కడ ప్రతి మడత మీదా ఓ ఇంటిపేరు రాసి ఉంటుంది. కాంప్‌బెల్, మెక్‌డొనాల్డ్, ఫ్రేజర్, మెకెంజీ... అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన టూరిస్టు తన పేరు వెతుక్కుంటాడు. దొరకగానే ఆ మఫ్లర్ మెడలో వేసుకుని సెల్ఫీ దిగుతాడు. ‘ఇది మా పూర్వీకులది’ అని వీడియో కాల్‌లో ఇంట్లోవాళ్లకి చూపిస్తాడు.

ఈ గళ్లనే టార్టాన్ అంటారు. స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న కొండ ప్రాంతం హైలాండ్స్. అక్కడ ఒకే పెద్ద కింద, ఒకే పేరు చెప్పుకుంటూ బతికిన కుటుంబాల గుంపుని క్లాన్ అంటారు. ఒక్కో క్లాన్‌కి తరతరాలుగా ఒక్కో టార్టాన్ ఉందన్నది మనందరం సినిమాల్లో, ‘అవుట్‌లాండర్’ లాంటి సిరీస్‌లలో చూసిన కథ.

మరి నిజంగా అంతేనా? ఆఫీసు పని మీద ఎడిన్‌బరాలో ఉన్న కొన్ని నెలల్లో ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దానికో కారణముంది. మా టీమ్‌లో మెక్‌ఫెర్సన్ ఇంటిపేరున్న కుర్రాడి పెళ్లి కుదిరింది. ‘నువ్వు మా తరఫు కదా, మా గళ్లే కట్టుకుని రా’ అన్నాడు. ఏ క్లాన్‌లోనూ పుట్టని తెలుగువాణ్ణి. ఇంకొకరి వంశం గుర్తుని ఒంటి మీద వేసుకోవచ్చా? ముందు అసలు ఆ గుర్తు ఏంటో తెలుసుకోవాలనిపించింది.

గుడ్డ మీద కోడింగ్

టార్టాన్‌ని దగ్గరగా చూస్తే ఇంజనీరింగ్ చదివినవాడికి ముచ్చటేస్తుంది. ఒక టార్టాన్‌ని మొత్తం ఒక్క లైన్లో రాసేయొచ్చు. రంగుకో అక్షరం, పక్కన దారాల లెక్క. ‘కె 4, ఆర్ 24, కె 24, వై 4’ అనుకోండి. నలుపు 4 దారాలు, ఎరుపు 24, మళ్లీ నలుపు 24, పసుపు 4. (నీలానికి ‘బి’ ఇచ్చేశారు కాబట్టి నలుపుకి ‘కె’ మిగిలింది.) చివరిదాకా వెళ్లాక అద్దంలో చూసినట్టు అదే వరుస వెనక్కి తిరుగుతుంది. అలా గుడ్డంతా రిపీట్. ఈ వరుసని ‘సెట్’ అంటారు.

చాలా టార్టాన్లలో పడుగులో ఏ వరుస ఉందో పేకలోనూ అదే ఉంటుంది. ఎరుపు మీద ఎరుపు పడ్డచోట అచ్చమైన ఎరుపు, ఎరుపు మీద నలుపు పడ్డచోట రెండూ కలిసిన ఛాయ. 6 రంగుల దారం వాడితే 6 అసలు రంగులు, 15 కలగలుపులు, మొత్తం 21 ఛాయలు కనిపిస్తాయి. కొన్ని దారాలతో అన్ని రంగులెలా వచ్చాయి అనిపించేది అందుకే.

ఇంకో సంగతి. మన లుంగీది సాదా నేత. పేక దారం ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి వెళ్తుంది. టార్టాన్‌లో రెండింటి పైనుంచి, రెండింటి కిందనుంచి వెళ్తుంది. ప్రతి వరుసకీ ఒక్క దారం పక్కకి జరుగుతుంది. దాంతో గుడ్డ మీద సన్నటి ఏటవాలు గీతలు వస్తాయి. జీన్స్ గుడ్డని దగ్గరగా చూడండి, అలాంటి గీతలే కనిపిస్తాయి. ఉన్ని దారంతో ఇలా నేస్తే గుడ్డ దిట్టంగా ఉంటూనే చక్కగా మడత పడుతుంది.

గళ్లు పాతవే... పేర్లు?

ఎడిన్‌బరాలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లండ్‌లో అరచేతిలో పట్టేంత గుడ్డ ముక్క ఒకటుంది. ఫాల్కర్క్ టార్టాన్ అంటారు. సుమారు 1700 ఏళ్ల నాటిది. దాదాపు 2 వేల రోమన్ వెండి నాణేలున్న కుండతో పాటు దొరికింది. రంగు వేయని ఉన్ని, ముదురుదీ లేతదీ కలిపి నేసిన మామూలు గళ్లు. అంటే గళ్ల గుడ్డ అక్కడ నిజంగానే చాలా పాతది.

రంగురంగుల అసలైన టార్టాన్లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో పాతది గ్లెన్ ఆఫ్రిక్ అనే లోయలో, బురదనేలలో దొరికింది. శాస్త్రవేత్తలు పరీక్షించి 1500 - 1600 మధ్యదని తేల్చారు. 2023లో డండీ నగరంలోని వి అండ్ ఎ మ్యూజియంలో దాన్ని మొదటిసారి జనానికి చూపించారు. అది ఏ క్లాన్‌ది? ఎవరిదీ కాదు. దాని మీద ఏ పేరూ లేదు.

మార్టిన్ మార్టిన్ అనే స్కాట్లండ్ రచయిత 1703లో పశ్చిమ దీవుల గురించి ఓ పుస్తకం అచ్చు వేశాడు. గళ్లు దీవికో రకంగా ఉంటాయనీ, గుడ్డ చూసి మనిషిది ఏ ప్రాంతమో చెప్పొచ్చనీ అందులో రాశాడు. గమనించారా? ప్రాంతం అన్నాడు, వంశం అనలేదు. ఊళ్లో నేతగాడికి తెలిసిన వరుసలు, చుట్టుపక్కల మొక్కల నుంచి వచ్చే రంగులు... వీటిని బట్టే గుడ్డ. ఫలానా ఊరి చీర అని మనం గుర్తుపట్టినట్టే అన్నమాట.

కల్లోడెన్ గాలి

ఎడిన్‌బరా నుంచి ఇన్వర్నెస్‌కి రైల్లో సుమారు మూడున్నర గంటలు. అక్కడికి దగ్గర్లోనే కల్లోడెన్ మైదానం. గడ్డి, తుప్పలు, చెవుల్లో హోరుమనే గాలి. రెండు వరుసల్లో జెండాలు పాతి ఉంటాయి. నీలం జెండాలు తిరుగుబాటుదార్లయిన జాకబైట్లు నిలబడ్డ చోటు. ఎర్ర జెండాలు ప్రభుత్వ సైన్యం నిలబడ్డ చోటు.

1746 ఏప్రిల్ 16న ఇక్కడ యుద్ధం జరిగింది. గంట కూడా పట్టలేదు. బ్రిటన్ సింహాసనం తమ వంశానిదేనంటూ వచ్చిన చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్ కోసం పోరాడిన సుమారు 1,500 మంది నేలకొరిగారు. సమాధుల దగ్గర క్లాన్ పేర్లు చెక్కిన రాళ్లున్నాయి. అవి పెట్టింది 1881లో. ఫ్రేజర్ రాయి దగ్గర పూలు ఎక్కువ కనిపిస్తాయి, ‘అవుట్‌లాండర్’ అభిమానుల పుణ్యమా అని. ‘మిక్స్‌డ్ క్లాన్స్’ అని రాసిన రాయి కూడా ఉంది. ఆ రాయి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

ఆ యుద్ధంలో రెండు వైపులా హైలాండ్స్ మనుషులున్నారు. మనవాడెవడో పగవాడెవడో గుర్తుపట్టింది గళ్లు చూసి కాదు. జాకబైట్లు టోపీకి తెల్ల రిబ్బన్ పువ్వు పెట్టుకున్నారు. డేవిడ్ మోరియర్ అనే చిత్రకారుడు ఈ యుద్ధం మీద ఓ బొమ్మ గీశాడు. ఫోన్లో వెతికి చూడండి. అందులో ఒకే మనిషి కోటు గళ్లు వేరు, కింది గుడ్డ గళ్లు వేరు. క్లాన్ యూనిఫామ్ అన్నదే ఉంటే అలా గీస్తాడా?

గెలిచిన ప్రభుత్వం మనుషులతో ఆగలేదు, బట్టల మీద పడింది. 1747 ఆగస్టు 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. మగవాళ్లు, మగపిల్లలు హైలాండ్ దుస్తులు వేసుకోకూడదు. కిల్టు కట్టకూడదు, టార్టాన్ కోటు తొడగకూడదు. మొదటిసారి దొరికితే 6 నెలల జైలు. రెండోసారి దొరికితే 7 ఏళ్లు సముద్రం అవతలి తోటలకి పంపేస్తారు. మినహాయింపు ఒక్కళ్లకే. బ్రిటిష్ సైన్యంలో చేరిన హైలాండ్ సైనికులకి. నీ బట్ట నువ్వు కట్టుకోవాలంటే మా తుపాకీ పట్టుకో అన్నమాట.

1782 జులై 1న చట్టం రద్దయింది. 35 ఏళ్లు. అంటే ఒక తరం పిల్లలు తండ్రి ఒంటి మీద ఆ గుడ్డ చూడకుండానే పెద్దవాళ్లయ్యారు.

నంబర్లకి పేర్లు పెట్టిన మిల్లు

కథ మలుపు తిరిగింది స్టిర్లింగ్ పక్కనున్న బానక్‌బర్న్‌లో. అక్కడ విల్సన్ కుటుంబానికి నేత మిల్లు ఉండేది. సైన్యానికి టార్టాన్ సరఫరా చేసే పెద్ద వ్యాపారం వాళ్లది. మొదట్లో డిజైన్లకి చాలావరకు నంబర్లే. తర్వాత ఊళ్ల పేర్లు, ఆ తర్వాత ఇంటిపేర్లు వచ్చి చేరాయి. 1819 నాటి వాళ్ల నమూనాల పుస్తకంలో 200కు పైగా డిజైన్లున్నాయి.

ఇంటిపేర్లు ఎందుకొచ్చాయంటే, అడిగేవాళ్లు పుట్టుకొచ్చారు కాబట్టి. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ క్లాన్ పెద్దలందరికీ ఉత్తరాలు రాసింది. ‘మీ క్లాన్ టార్టాన్ ముక్క పంపండి, భద్రపరుస్తాం’ అని. చాలామందికి తమది ఏదో తెలీదు. రాబర్ట్‌సన్ క్లాన్ పెద్ద తన వాళ్లలో ముసలివాళ్లని పిలిచి అడిగాడు. అందరూ మాకు తెలుసు అన్నారు. ఒక్కొక్కరు ఒక్కో రకం చెప్పారు!

1822 ఆగస్టులో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరా వచ్చాడు. బ్రిటన్ రాజు స్కాట్లండ్‌లో అడుగుపెట్టడం దాదాపు 170 ఏళ్ల తర్వాత అదే. ఏర్పాట్లు చూసింది నవలా రచయిత వాల్టర్ స్కాట్. పెద్దమనుషులంతా హైలాండ్ దుస్తుల్లో రావాలన్నాడు. రాజు కూడా కిల్టు కట్టాడు, కింద గులాబీ రంగు మేజోళ్లతో. ఆ ఒక్క సెట్టు బిల్లు 1,354 పౌండ్లు దాటింది! ఆర్డర్ల వరదకి విల్సన్ మిల్లు అదనంగా 40 మగ్గాలు పెట్టాల్సి వచ్చింది. 75 ఏళ్ల క్రితం జైలుకి పంపిన గుడ్డ, ఇప్పుడు దర్బారు డ్రెస్ కోడ్.

తర్వాత ఇద్దరు అన్నదమ్ములు రంగంలోకి దిగారు. సోబియెస్కీ స్టూవర్ట్‌లమని చెప్పుకున్నారు. కల్లోడెన్‌లో ఓడిన ఆ చార్లెస్‌కి మనవళ్లమన్నారు. పాత తాళపత్రం దొరికింది అన్నట్టు, తమ దగ్గర 16వ శతాబ్దపు రాతప్రతి ఉందన్నారు. దాని ఆధారంగా 1842లో 75 టార్టాన్ల బొమ్మలతో పుస్తకం వేశారు. రాతప్రతి అబద్ధం, చుట్టరికమూ అబద్ధం. కానీ అందులోని గళ్లని చాలా క్లాన్లు తమవిగా తీసేసుకున్నాయి. ఈరోజు రాయల్ మైల్‌లో అమ్ముతున్నవాటిలో ఆ పుస్తకం నుంచి వచ్చినవి తక్కువేం కాదు.

మూడు పేర్ల గుడ్డ

ఇవన్నీ చదువుతుంటే నవ్వొచ్చింది. మా కొలీగ్ ఇంటిపేరు తగలగానే నవ్వు ఆగింది.

చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్ రాసిన సంగతి ఇది. మెక్‌ఫెర్సన్ క్లాన్ ఎర్ర టార్టాన్‌కి విల్సన్ మిల్లులో మొదట ఉన్నది ఓ నంబరు. తర్వాత దానికి ‘కిడ్’ అని పేరొచ్చింది. కిడ్ అనే తోటల యజమాని వెస్టిండీస్‌లో తన బానిసలకి తొడగడానికి ఆ గుడ్డని తానుల లెక్కన కొన్నాడు. ఆ తర్వాతే మెక్‌ఫెర్సన్ క్లాన్ పెద్దకి అదే గుడ్డ ‘మెక్‌ఫెర్సన్’ పేరుతో చేరింది.

నేను పెళ్లికి కట్టుకోవాల్సింది అదే.

దీన్ని వాడితో అనాలా వద్దా? పెళ్లి ముందు ఇలాంటివి ఎత్తడం మన దగ్గర మర్యాద కాదు, వాళ్ల దగ్గరా కాదు. కానీ తెలిసీ ఊరుకుని ఆ గుడ్డ కట్టుకోవడం నాకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది. ఓ సాయంత్రం ఆఫీసు కింద కాఫీ తాగుతూ అడిగేశాను.

వాడు ఉలిక్కిపడలేదు. ‘తెలుసు. మా తాత పోయినప్పుడు పెట్టె మీద కప్పింది ఆ గుడ్డే. ఈ కథ తెలిసిన రోజు మా నాన్న దాన్ని బీరువాలో పెట్టేశాడు. ఏడాది ముట్టుకోలేదు. తర్వాత మళ్లీ తీశాడు’ అన్నాడు.

‘ఎందుకు?’

‘ఆ గుడ్డకి మూడు పేర్లు. ఒకటి మిల్లు పెట్టింది, రెండోది బానిసల యజమానిది, మూడోది మాది. మూడూ చెప్పి కట్టుకుంటే మాది నిజమవుతుంది. మొదటి రెండూ దాస్తే మాది కూడా అబద్ధమే.’

నాకు సమాధానం దొరికింది. కట్టుకోవడానికి పుట్టుక అక్కర్లేదు, వాళ్లు పిలిస్తే చాలు. కానీ ఏం కట్టుకుంటున్నామో తెలిసి కట్టుకోవాలి.

కట్టడం ఓ కళ

అద్దె షాపులో పెద్దాయన కొలతలు తీసుకుంటూ మొదట చెప్పింది, ‘ప్యాంటు సైజు మర్చిపోండి’ అని. కిల్టు నడుము నాభి దగ్గర కూర్చుంటుంది, కింది అంచు మోకాలి చిప్ప దగ్గర ఆగుతుంది. మంచి కిల్టుకి సుమారు 8 గజాల గుడ్డ పడుతుంది. మన తొమ్మిది గజాల చీరకి ఒక్క గజం తక్కువ! అంత గుడ్డా వెనకాల కుచ్చిళ్లలోకే పోతుంది. కుచ్చిళ్లు కూడా ఎలాపడితే అలా వేయరు. మడత పడ్డాక కూడా పైన అవే గళ్లు కొనసాగేలా లెక్కపెట్టి కుడతారు. ముందు భాగం సాఫీగా, ఒక పొర మీద ఇంకోటి వస్తుంది. కుచ్చిళ్లు ముందుకొచ్చేలా తిప్పి కట్టుకుంటే పరువు గోవిందా.

జేబులుండవు కాబట్టి ముందు గొలుసుతో వేలాడే తోలు సంచీ, పేరు స్పోరాన్. ఫోను అందులోనే. పిన్నుని పై పొరకి మాత్రమే పెట్టాలి. రెండు పొరలూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు గుడ్డ చిరుగుతుంది. కూర్చునేటప్పుడు వెనక కుచ్చిళ్లు చేత్తో సర్దుకోవాలి. ఈ చివరిది నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది, పండక్కి పంచె కట్టిన అలవాటు ఉంది కదా.

ఏ క్లాన్ పిలుపూ లేకపోతే? చట్టం అడ్డురాదు. అందరూ కట్టుకోగలిగినవి ఉన్నాయి. బ్లాక్ వాచ్ అనే ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు సైనిక టార్టాన్ అలాంటిదే. రాజకుటుంబం తమ కోసం ఉంచుకున్న బాల్‌మొరల్ టార్టాన్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు.

మన మెకెంజీ కూడా అక్కడివాడే

ఆ షాపులోనే బ్లాక్ వాచ్ పక్కన ఇంకో గుడ్డ కనిపించింది. అవే నీలం, ఆకుపచ్చ గళ్లు, పైన సన్నటి తెల్ల, ఎర్ర గీతలు. పేరు చూస్తే మెకెంజీ. మెకెంజీల పెద్ద సీఫోర్త్ ప్రభువు 1778లో లేపిన సైనిక దళం కట్టిన గళ్లు ఇవి. సైన్యం నుంచి క్లాన్‌కి వచ్చిన టార్టాన్ అన్నమాట.

మెకెంజీ అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది కైఫీయత్తులు. మన ఊళ్ల చరిత్రలు రాయించిన కల్నల్ కాలిన్ మెకెంజీ 1754లో స్కాట్లండ్ పశ్చిమ దీవుల్లోని స్టోర్నోవేలో పుట్టాడు. తేదీలు చూడండి. హైలాండ్ దుస్తుల మీద నిషేధం 1747 నుంచి 1782 వరకు. ఆయన మద్రాసు వచ్చింది 1783లో. అంటే బాల్యం, యవ్వనం అంతా ఆ నిషేధం కిందే గడిచాయి.

కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఆయన ఊరూరా పెద్దల్ని అడిగించాడు. మీ ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు... లెక్కలూ రాశారు, పుక్కిటి కథలూ రాశారు. హైలాండ్ సొసైటీ క్లాన్ పెద్దల్ని ‘మీ గళ్లేవి’ అని అడిగిన 1815లోనే మెకెంజీ ఇండియాకి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అక్కడ కొండల్లో ముసలివాళ్లు తలో రకం గళ్లు చెప్తుంటే, ఇక్కడ మన ఊళ్లలో తలో రకం కథ చెప్తున్నారు. ఎక్కడైనా జనం అంతే. పేరు ముందు, దానికి పాత కథ తర్వాత.

మనమూ ఇంటిపేరుకీ వంశానికీ వెయ్యేళ్ల చరిత్ర ఉందని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తుంటాం. అది వందేళ్లదని తేలితే విలువ పోతుందా? కల్లోడెన్ చూశాక నాకలా అనిపించదు. ఒకప్పుడు బలవంతంగా లాక్కున్న గుడ్డని జనం మళ్లీ ఇష్టపడి కట్టుకున్నారు. ఆ ఇష్టం నిజం. దాన్ని ఫోర్జరీ పుస్తకం మార్చలేదు. కానీ ఆ ఇష్టం పేరు చెప్పి, కిడ్ తోటలో అదే గుడ్డ తొడుక్కున్నవాళ్లని చెరిపేయకూడదు. వాళ్ల ఇంటిపేర్లు ఏ షాపు మడత మీదా లేవు.

2009 నుంచి స్కాట్లండ్ ప్రభుత్వం టార్టాన్లకి ఆన్‌లైన్ రిజిస్టర్ నడుపుతోంది. దారాల లెక్కతో సహా కొత్త డిజైన్ ఎవరైనా నమోదు చేసుకోవచ్చు, కానీ అది ముందున్నదానికి కాపీ కాకూడదు. ఎప్పుడైనా ఎడిన్‌బరా వెళ్తే మొదట మ్యూజియంలో ఫాల్కర్క్ ముక్క చూడండి. ఒక రోజు కల్లోడెన్‌కి ఇవ్వండి, చలికోటు మర్చిపోకండి. మఫ్లర్ మాత్రం చివరి రోజు కొనండి. అప్పటికి దాని మీద ఉన్న పేరుని ఎలా చదవాలో మీకు తెలిసి ఉంటుంది.